తెలుగు పదం ఎక్కడ విరగాలి: పిల్లల పదాల ఆటలో ఒక బగ్ సవరణ డైరీ

తెర మీద ఒక బొమ్మ. దాని కింద ఆ బొమ్మ పేరులోని అక్షరాలు, ఒక్కో బిళ్ల మీద ఒక్కోటి, కలగాపులగంగా. పిల్లలు బిళ్లలను లాగి వరుసలో పెడితే పదం పూర్తవుతుంది. జావాస్క్రిప్ట్‌లో రాసిన ఈ ఓపెన్ సోర్స్ ఆట చంద్రగిరి దగ్గర ఒక ప్రాథమిక పాఠశాల ల్యాబ్‌లో పాత కంప్యూటర్ల మీద నడుస్తోంది. ఇంగ్లిష్ పదాలతో చక్కగా ఆడుతుంది. తెలుగు పెడితే పిల్లలు మధ్యలోనే వదిలేస్తున్నారు.

ఆట పేరు రాయడం లేదు. ఇంగ్లిష్‌ను దృష్టిలో పెట్టుకుని పుట్టిన పదాల ఆటల్లో ఇదే లోపం చాలాచోట్ల కనిపిస్తుంది కాబట్టి, మీ దగ్గరున్నదాంట్లో వెతుక్కోవడానికి పనికొచ్చేలా రాస్తున్నాను.

దశ 1: లోపం ఎక్కడుందో పట్టుకోవడం

"అన్నా, ఈ చుక్కల గుండ్రం ఏంది? ఇది యాడ పెట్టాల?" అని రెండో తరగతి పాప అడిగింది. బగ్ రిపోర్ట్‌గా దీనికి మించింది అక్కర్లేదు. గుణింతపు గుర్తు ఒంటరిగా, ఆనుకోవడానికి అక్షరం లేకుండా తెర మీదికి వస్తే దాని పక్కన చుక్కల వలయం కనిపిస్తుంది. అంటే ఆట గుడినీ కొమ్మునూ దీర్ఘాన్నీ విడి బిళ్లలుగా కోసేస్తోంది.

మీ దగ్గర ఇదే ఉందో లేదో చూసుకోవడానికి:

1. ఆటలో "తిరుపతి" అని ఒక పదం చేర్చండి.
2. బిళ్లలు లెక్కపెట్టండి. నాలుగు రావాలి. ఏడు వస్తే ఇదే బగ్.
3. కోడ్‌లో పదాన్ని ముక్కలు చేసే చోటు వెతకండి. జావాస్క్రిప్ట్ అయితే ఖాళీ స్ట్రింగ్‌తో స్ప్లిట్ చేసిన, అంటే పదాన్ని ముక్కముక్కగా విడగొట్టిన, లైన్ ఒకటి ఉంటుంది.

మా ఆటలో వచ్చిన లెక్క ఇది. ముందు ఆట చేసిన బిళ్లలు, తర్వాత ఉండాల్సినవి.

తిరుపతి: 7, ఉండాల్సినవి 4
చిత్తూరు: 8, ఉండాల్సినవి 3
కాణిపాకం: 8, ఉండాల్సినవి 4
శ్రీకాళహస్తి: 12, ఉండాల్సినవి 5
పలక: 3, ఉండాల్సినవి 3

కారణం యూనికోడ్‌లో తెలుగును భద్రపరిచే పద్ధతిలో ఉంది. యూనికోడ్ అంటే ప్రతి లిపి గుర్తుకూ ఒక సంఖ్య, అంటే కోడ్, ఇచ్చే ప్రమాణం. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్, భారతీయ లిపుల అమరికను ఇస్కీ అనే పాత భారతీయ ప్రమాణం నుంచి తీసుకుంది. ఆ పద్ధతిలో హల్లుకు ఒక కోడ్, గుణింతపు గుర్తుకు ఇంకో కోడ్. వత్తులకు విడిగా కోడ్‌లే లేవు. పొల్లు, దాని వెనక హల్లు వస్తే ఆ హల్లును వత్తుగా చూపిస్తారు. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం. మెషీన్‌కు స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అని ఆరు. ఆట ఆ ఆరింటినీ ఆరు బిళ్లలు చేస్తుంది. తప్పు యూనికోడ్‌ది కాదు. కోడ్ సంఖ్యనే అక్షరం అనుకున్న ఆ ఒక్క లైన్‌ది.

సవరించే ముందు కొలబద్ద కావాలి. ఒకటి నుంచి మూడో తరగతి దాకా పిల్లలకు తెలిసిన 180 పదాలు టీచర్ మేడం రాసిచ్చారు, ఒక్కో పదం పక్కన అది ఎక్కడెక్కడ విరగాలో గీతలు గీసి మరీ. పాఠ్యపుస్తకంలోవి మాత్రమే కాకుండా ఇంట్లో మాట్లాడేవి కూడా ఉండాలని పట్టుబట్టి సంగటి, ఊరిబిండి, చెనిక్కాయలు చేర్చారు. అది చాలా మంచి పని. చెనిక్కాయలు (చె, ని, క్కా, య, లు) తర్వాత నాలుగు చోట్ల లోపాలు బయటపెట్టింది. ఆ జాబితాను టెస్ట్ ఫైల్‌గా మార్చాను.

లెక్క: 180 పదాల్లో సరిగ్గా విరిగినవి 14. ఆ పద్నాలుగూ పలక, ఉడత, గడప లాంటివి, అంటే గుణింతం గానీ వత్తు గానీ లేనివి.

దశ 2: రెడీమేడ్ దారి, అది ఎక్కడ ఆగిపోయింది

జావాస్క్రిప్ట్‌లోనే సెగ్మెంటర్ అనే సదుపాయం ఉంది. వాక్యాన్ని మనిషి చూసే అక్షరాలుగా విడగొడుతుంది. క్రోమ్‌లో 87వ వెర్షన్ నుంచి, ఫైర్‌ఫాక్స్‌లో 2024 ఏప్రిల్‌లో వచ్చిన 125 నుంచి దొరుకుతుంది. స్ప్లిట్ లైన్ తీసేసి దీన్ని పెట్టాను. చుక్కల వలయాలు పోయాయి.

నా ల్యాప్‌టాప్‌లో 180కి 173. అదే ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ల్యాబ్ కంప్యూటర్లో నడిపితే 121.

ఒకే కోడ్, ఒకే పదాలు, 52 పదాల తేడా. తప్పిన 52లోనూ వత్తు ఉంది. ల్యాప్‌టాప్‌లో శ్రీకాళహస్తి ఐదు బిళ్లలు. ల్యాబ్‌లో శ్, రీ, కా, ళ, హ, స్, తి అని ఏడు. చంద్రగిరి నాలుగు కావాల్సింది చం, ద్, ర, గి, రి అని ఐదు.

తేడా బ్రౌజర్‌లో కాదు, దాని లోపల ఉన్న ఐసీయూ అనే లైబ్రరీ (యూనికోడ్ నియమాలను అమలు చేసేది) వయసులో ఉంది. యూనికోడ్ పాత నియమాల ప్రకారం పొల్లు దగ్గర అక్షరం ముగుస్తుంది. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన యూనికోడ్ 15.1లో జీబీ9సీ అనే కొత్త నియమం చేర్చారు. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం లిపుల్లో పొల్లు తర్వాత హల్లు వస్తే అక్కడ విరవకూడదని అది చెబుతుంది. ఐసీయూ 74 నుంచి ఇది అమల్లో ఉంది. ల్యాబ్ కంప్యూటర్లలో ఉన్నది అంతకంటే పాతది, ఆ మెషీన్లకు ఇంటర్నెట్ కూడా లేదు.

"బిళ్లలు వరుసలో పెట్టాక మళ్లీ స్త్రీ అని కలిసిపోతుంది కదా, ఆటకు నష్టమేముంది?" అని అనిపించవచ్చు. మేడం ఒప్పుకోలేదు. "స-కి త వత్తు, ర వత్తు అని నేర్పుతున్నాం. స్, త్, రీ అని వేరే పద్ధతిలో చూపిస్తే పిల్లలు పలక మీద కూడా అలాగే రాస్తారు" అన్నారు. నాకూ అదే సబబనిపించింది. అక్షరం రూపం నేర్పే ఆట, తరగతిలో నేర్పిన రూపాన్ని చెడగొట్టకూడదు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లలకు రెండు మెషీన్లలో రెండు రకాల బిళ్లలు రావడం అంతకంటే పెద్ద సమస్య. ఈ దారి వదిలేశాను.

లెక్క: ల్యాప్‌టాప్ 173, ల్యాబ్ 121.

దశ 3: సొంత నియమం

తెలుగు అక్షరం కట్టుబడి చాలా క్రమంగా ఉంటుంది. అందుకే నియమం చిన్నది. అక్షరాల నమూనాను వెతికే ఒక్క రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో సరిపోయింది. మాటల్లో చెబితే:

1. అచ్చు వస్తే అదొక అక్షరం.
2. హల్లు వస్తే, వెంట "పొల్లు, హల్లు" అనే జంట ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లూ కలుపుకో.
3. ఆ తర్వాత గుణింతపు గుర్తు ఉంటే అది, లేదా పొల్లు ఉంటే అది, ఒక్కటి కలుపుకో.
4. అచ్చయినా హల్లయినా, చివర సున్న, అరసున్న, విసర్గ ఉంటే దాన్నీ కలుపుకో.
5. వీటిలో దేనికీ అందని గుర్తు మిగిలితే నిశ్శబ్దంగా వదిలెయ్యకు. ఆ పదం పేరుతో లోపం చూపించు.

ఐదోది తప్పక పెట్టండి. తర్వాతి దశలో పనంతా అది పట్టించినదే.

యూనికోడ్ సంఖ్యల హద్దులు హెక్సాలో (పదహారు ఆధారంగా రాసే లెక్కలో): హల్లులు 0సీ15 నుంచి 0సీ39, పొల్లు 0సీ4డీ. ౘ, ౙ, ౚ వేరేగా 0సీ58 నుంచి 0సీ5ఏ దాకా ఉన్నాయి. పిల్లల పదాల్లో ఇవి రాకపోవచ్చు, కానీ ఎవరైనా పాత పద్యం పెడితే ఆట ఆగిపోకూడదని చేర్చాను.

పదం చివరి పొల్లు విషయంలో మాత్రం చాలాసేపు ఆలోచించాల్సి వచ్చింది. "పెన్సిల్" ఎన్ని బిళ్లలు? పై నియమంతో పె, న్సి, ల్ అని మూడు. ఛందస్సులో అయితే పొల్లు హల్లును ముందు అక్షరంతోనే కలిపి, దాన్ని గురువుగా లెక్కిస్తారు. ఆ లెక్కన పె, న్సిల్ రెండే. మేడంను అడిగితే, చిన్న పిల్లలు "ల్"ను విడి రూపంగా రాస్తారు కాబట్టి విడి బిళ్లగానే ఉంచమన్నారు. ఇది పద్యం లెక్క కాదు, చేతిరాత లెక్క. మూడే ఉంచాను.

లెక్క: రెండు మెషీన్లలోనూ 173.

దశ 4: మిగిలిన ఏడు

ఈ ఏడు పదాలకు పట్టిన సమయం మిగతా 173కి పట్టలేదు. తెర మీద అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి, టెస్ట్ మాత్రం తప్పంటుంది.

*నాలుగు పదాలు: ఐత్వం.* రైలు, సైకిల్, మైదానం, పైరు. ఐత్వానికి యూనికోడ్‌లో రెండు రాతలు చెల్లుతాయి. ఒకటి 0సీ48 అనే ఒక్క కోడ్. రెండోది ఎత్వం 0సీ46, దాని వెనక కింది గుర్తు 0సీ56. రెండూ సమానమని యూనికోడే చెబుతుంది. కంటికి తేడా తెలియదు. మెషీన్ పోల్చినప్పుడు మాత్రం వేరు. జాబితాలో కొన్ని పదాలు వేరే ఫైల్ నుంచి వచ్చాయి, వాటిలో రెండో రాత ఉంది. మందు సులువు: పదాన్ని చదవగానే, ముక్కలు చేయకముందే, ఎన్‌ఎఫ్‌సీ రూపానికి, అంటే రెండు రాతల్నీ ఒకటిగా చేసే ప్రామాణిక రూపానికి, మార్చాలి. జావాస్క్రిప్ట్‌లో నార్మలైజ్ అనే ఒక్క పిలుపు చాలు. తెలుగులో ఇలాంటి జంట రాత ఉన్న గుర్తు ఐత్వం ఒక్కటే.

*ఒక పదం: సున్న కాని సున్న.* "కాణిపాక౦" అని ఉంది. చివరున్నది అనుస్వారం కాదు, తెలుగు అంకె సున్న. అనుస్వారం 0సీ02, అంకె 0సీ66. చాలా ఫాంట్లలో కవలల్లా ఉంటాయి. దీన్ని కోడ్‌లో దొంగచాటుగా మార్చేయడం నాకిష్టం లేదు. ఎప్పుడో ఎవరైనా అంకెలే నేర్పాలనుకోవచ్చు. అందుకే అక్షరం పక్కన అంకె వస్తే పదాల ఫైల్ తనిఖీలోనే ఎర్రగా చూపించేలా చేసి, పదాన్ని ఫైల్‌లో చేత్తో దిద్దాను.

*ఒక పదం: చివర ఖాళీ.* ట్రిమ్ చేస్తే పోయింది.

*ఒక పదం: జ్ఞానం.* జ్ఞ తర్వాత, దీర్ఘానికి ముందు, అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని నాన్ జాయినర్ గుర్తు ఇరుక్కుని ఉంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు, మ్యాక్‌లలో యాప్‌లను కుప్పకూల్చిన "జ్ఞా" గుర్తుందా? అందులోనూ ఇదే వరుస. ఐఓఎస్ 11.2.6లో దాన్ని సరిచేశారు. మన ఆట కుప్పకూలదు గానీ దీర్ఘం విడి బిళ్ల అయిపోతుంది.

నాన్ జాయినర్‌ను మొత్తంగా తీసేస్తే వేరే నష్టం. "హార్డ్‌వేర్" లాంటి మాటల్లో డ్ కింద వ వత్తు పడకుండా ఆపేది అదే. కాబట్టి నియమం ఇలా పెట్టాను: పొల్లుకూ హల్లుకూ మధ్య ఉంటే ఉంచు, మిగతా ఎక్కడున్నా తీసెయ్. మూడో అడుగులో పొల్లు వెంట అది ఉంటే పొల్లుతోనే కలుపుకో. హా, ర్డ్, వే, ర్ అని నాలుగు బిళ్లలు వచ్చాయి.

లెక్క: 180కి 180, రెండు మెషీన్లలోనూ.

దశ 5: టెస్ట్ పాసైంది, ఆట ఆడటం లేదు

ముక్కలు సరిగ్గా వచ్చాక పిల్లల ముందు పెట్టాను. మొదటి పదం తిరుపతి. పిల్లవాడు సరిగ్గా పేర్చాడు. ఆట "తప్పు" అంది. మళ్లీ పేర్చాడు. ఈసారి "ఒప్పు" అంది. వాడు నా మొహం చూశాడు.

తిరుపతిలో "తి" రెండుసార్లు ఉంది. ఆట ప్రతి బిళ్లకూ ఒక నంబర్ ఇచ్చి, నంబర్ల వరుసను చూస్తోంది. మొదటి తి స్థానంలో నాలుగో నంబర్ తి పెడితే, పదం సరైనదే అయినా నంబర్ తప్పు. ఇంగ్లిష్‌లోనూ ఈ లోపం ఉంది, ఒకే అక్షరం రెండుసార్లు వచ్చే పదాల్లో సగం సార్లు తప్పంటుంది. ఎవరూ చెప్పినట్టు లేరు. నంబర్లు కాకుండా, వరుసలో ఉన్న బిళ్లల రాతను కలిపి అసలు పదంతో పోల్చేలా మార్చాను.

రెండోది, కలగలపడం. బిళ్లలు తగ్గడంతో కొత్తగా బయటపడింది. రెండు బిళ్లల పదాన్ని కలిపితే సగం సార్లు అసలు వరుసే వస్తుంది. మూడు బిళ్లలైతే ఆరింట ఒకసారి. అమ్మ, చెట్టు, ఆవు అన్నీ రెండేసి. పిల్లలు ఏమీ చేయకుండానే పదం సిద్ధంగా కనిపిస్తోంది.

"అసలు పదంలా వస్తే మళ్లీ కలుపు" అని రాస్తే సరిపోతుందనిపిస్తుంది. అలా రాసి జాబితా మొత్తం నడిపితే "బాబా" దగ్గర ట్యాబ్ బిగుసుకుపోయింది. బా, బా. ఎన్నిసార్లు కలిపినా బాబాయే కాబట్టి లూప్ ముగియదు. చివరికి నిలిచిన పద్ధతి:

1. పదంలో వేర్వేరు బిళ్లలు ఎన్నో లెక్కపెట్టు.
2. ఒక్కటే అయితే ఈ ఆటలో ఆ పదం చూపించకు.
3. లేకపోతే ఒకసారి కలుపు.
4. అసలు పదమే వచ్చిందా అని రాతతో పోల్చు, నంబర్లతో కాదు. తిరుపతిలో రెండు తి-లు స్థానం మారినా కంటికి అసలు పదమే.
5. వస్తే, వేర్వేరుగా ఉన్న రెండు బిళ్లలను మార్చు. లూప్ వద్దు.

రెండో అడుగు వల్ల బాబా, స్త్రీ తప్పుకున్నాయి. స్త్రీ ఇప్పుడు ఒక్క బిళ్లే.

లెక్క: విరుపు 180కి 180, ఆటలో మిగిలినవి 178.

దశ 6: బిళ్ల ఎత్తు

బిళ్ల 64 పిక్సెల్స్ చతురస్రం, అక్షరం సైజు 44. ఇంగ్లిష్‌కు ధారాళం. "రాష్ట్రం"లో ష్ట్రం బిళ్ల నుంచి కిందికి జారి, ర వత్తు సగం తెగిపోతోంది. వత్తు నేర్పే పదంలో వత్తే కనిపించకపోతే ఆ పదం పెట్టి లాభం లేదు.

క్యాన్వాస్‌తో (బ్రౌజర్‌లో బొమ్మలు గీసే సదుపాయం) 178 పదాల్లోని ప్రతి అక్షరాన్నీ నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌లో కొలిచాను. అన్నిటికంటే ఎత్తు ష్ట్రం, 83 పిక్సెల్స్. అక్షరాన్ని కుదిస్తే సరిపోయేది, కానీ చిన్న పిల్లలకు గుడికీ గుడి దీర్ఘానికీ తేడా తెలియాలంటే సైజు తగ్గించకూడదు. బిళ్ల ఎత్తును 96 చేశాను. వెడల్పు స్థిరంగా ఉంచకుండా, కొలిచినదానికి 24 కలిపి ఇచ్చాను. బిళ్లల సంఖ్య తగ్గింది కాబట్టి ల్యాబ్‌లోని 1366 తెర మీద ప్రతి పదమూ ఒకే వరుసలో ఇమిడింది.

ఫాంట్‌ను ఆటతో పాటే ఇవ్వండి. మెషీన్‌లో ఏ ఫాంట్ ఉంటే అది అనుకుంటే ఈ కొలతలేవీ నిలవవు.

దశ 7: ప్రాజెక్టుకు పంపడం

అన్నీ ఒకే మార్పుగా పంపలేదు. మూడు విడి అభ్యర్థనలు: రాతతో పోల్చడం, కలగలపడం, తెలుగు విరుపు. మొదటి రెండూ అన్ని భాషలకూ మేలు చేసేవి, చిన్నవి. త్వరగా చేర్చారు.

మూడో దాని మీద నిర్వాహకుల ప్రశ్న: "తెలుగుకే ఎందుకు? పొల్లు ఉన్న భారతీయ లిపులన్నిటికీ ఒకే నియమం పెట్టొచ్చు కదా?" వాళ్లకు జవాబు చెప్పడానికి నేను దూరం వెళ్లనక్కర్లేదు. చిత్తూరు జిల్లా సరిహద్దు బడుల్లో తమిళం చదివే పిల్లలూ ఉన్నారు. తెలుగులో అమ్మ అంటే అ, మ్మ రెండు అక్షరాలు. తమిళంలో అమ్మా అని రాస్తే అ, మ్, మా మూడు. అక్కడ హల్లు మీద చుక్క పెడతారు, వత్తుగా కిందికి దించరు. మన నియమం తమిళానికి రుద్దితే మ్, మా కలిసిపోయి ఆ పిల్లల పాఠం చెడుతుంది. యూనికోడ్ 15.1 జాబితాలో కూడా తమిళం లేదు.

దాంతో భాషకు ఒక నియమం చొప్పున పట్టిక పెట్టి, నియమం లేని భాషకు సెగ్మెంటర్, అది కూడా లేని బ్రౌజర్‌లో పాత స్ప్లిట్ అని ఒప్పుకున్నాం. మేడం ఇచ్చిన 180 పదాలూ టెస్ట్‌లుగా చేరాయి. ఇకపై ఎవరు ఆ ఫైల్ ముట్టుకున్నా సంగటి, ఊరిబిండి సరిగ్గా విరిగితేనే మార్పు లోపలికి వెళ్తుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే సంతోషం కలిగించినది ఇదే.

లెక్క: పంపినవి 3, చేరినవి 3. బిళ్ల ఎత్తు మార్పు ఇంకా పంపాలి, మిగతా భాషల తెరలు సరిచూశాక.

దశ 8: మిగిలిన పని

సూచన బటన్ ఇంకా పాత పద్ధతిలోనే ఉంది. "మొదటి అక్షరం చూపించు" అంటే శ్రీకాళహస్తికి "శ" చూపిస్తుంది. విరుపు ఫంక్షన్‌నే అక్కడా పిలిస్తే చాలు. మీ ఆటలో కూడా స్ట్రింగ్‌లో సున్నా స్థానాన్ని (మొదటి కోడ్‌ను) నేరుగా తీసుకునే చోట్లన్నీ వెతకండి. సూచన, శబ్దం, కార్డు మీద పెద్దక్షరం, ఈ మూడింట్లో దొరుకుతాయి.

కుప్పం, పలమనేరు వైపు కన్నడ బడుల కోసం ఎవరైనా ఇదే చేయాలనుకుంటే, హద్దులు మార్చుకోవడం తేలిక. కన్నడ అక్షరాలు తెలుగు కోడ్‌లకు హెక్సాలో 80 కలిపిన చోట ఉంటాయి. పొల్లు 0సీ4డీ అయితే అక్కడ 0సీసీడీ. కానీ రెండు విషయాలు గమనించండి. యూనికోడ్ 15.1లోని ఆ ఆరు లిపుల్లో కన్నడ లేదు, కాబట్టి కొత్త బ్రౌజర్ ఉందని సెగ్మెంటర్‌ను నమ్ముకోలేరు. రెండోది, మనకు ఐత్వం ఒక్కదానికే రెండు రాతలుంటే, కన్నడలో ఐదు గుణింతపు గుర్తులకు అలా ఉన్నాయి. ఎన్‌ఎఫ్‌సీ మార్పు ముందు పెట్టి, ఆ తర్వాతే విరుపు నియమం రాయండి. పదాల జాబితా మాత్రం ఆ బడి టీచర్ చేతే రాయించండి, గీతలతో సహా.